జిరాయితీ చెట్టు మీద గూడబాతు: రైతుతో ఒప్పందం ఎలా కుదరాలి, ఎలా నిలవాలి

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలం తేలినీలాపురానికి ఏటా సెప్టెంబరు ప్రాంతంలో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి మార్చి నాటికి వెళ్లిపోతాయి. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచికి తొలకరితో పాటు నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు దిగుతాయి. జనం వీటిని సైబీరియా పక్షులు అంటారు గానీ, ఇవన్నీ మన దక్షిణాసియాలోనే పుట్టి పెరిగేవి. ఆ రాక వల్లే వానలు బాగా పడతాయని రెండు ఊళ్లలోనూ పెద్దలు నమ్ముతారు. అందుకే రెట్టల కంపు భరించి, పిల్లలెవరైనా రాయి విసిరితే మందలించి, తరతరాలుగా వాటిని కాపాడుకుంటూ వచ్చారు.

ఈ పక్షులు గూడు కట్టేది రిజర్వు అడవిలో కాదు, ఊరి మధ్య ఉన్న చింతచెట్ల మీద. వాటిలో పెరటి చెట్లున్నాయి, పొలం గట్ల మీద చెట్లున్నాయి. పక్షికి 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కాపలా కాస్తుంది. గూడును కదిపినా, గుడ్డును పాడుచేసినా ఆ చట్టం దాన్ని వేట కిందే లెక్కేస్తుంది. కానీ పక్షులు వెళ్లిపోయాక ఆ చెట్టు కొట్టేసి ఇల్లు కట్టుకోవాలని యజమాని అనుకుంటే? చెట్టు కొట్టడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి, నిజమే. అయితే పెరట్లో చెట్టును, పొలంలో నీటి గుంటను పదేళ్లపాటు ఉన్నది ఉన్నట్టు ఉంచమని యజమానిని ఒప్పించే పని ఏ అనుమతి పత్రమూ చేయలేదు.

ఇలాంటి చోట్ల ప్రభుత్వాలకు తెలిసినవి రెండే దారులు. భూమిని తీసుకుని అభయారణ్యం అని బోర్డు పెట్టడం, లేదంటే పట్టించుకోకుండా వదిలేయడం. మూడో దారి ఒకటుంది. భూమి యజమాని దగ్గరే ఉంటుంది, పట్టా ఆయన పేరుతోనే ఉంటుంది. కొన్ని పనులు చేయనని ఆయన ఇష్టపూర్వకంగా రాసిస్తాడు, బదులుగా ఏదో ఒకటి పొందుతాడు. వినడానికి తేలికగా ఉన్న ఈ దారి మన చట్టాల్లో, మన జిల్లాల్లో ఎక్కడ ఇరుక్కుపోతోందో చూద్దాం.

హక్కుల మూట

భూమి మీద యాజమాన్యం అంటే ఒకే హక్కు కాదు, హక్కుల మూట. దున్నుకోవడం, కౌలుకివ్వడం, తాకట్టు పెట్టడం, చెరువు తవ్వడం, ప్లాట్లు వేయడం, అమ్మడం, ఇవన్నీ వేర్వేరు హక్కులు. మూటలోంచి ఒక్కదాన్ని తీసి వేరేవాళ్లకు ఇవ్వడం మన రైతుకు కొత్తేమీ కాదు. ఉద్దానంలో తోట తన దగ్గరే ఉంచుకుని కాపును మాత్రం ఒక ఏడాదికి అమ్ముకుంటారు. బ్యాంకులో పాస్‌బుక్ పెట్టి అప్పు తెచ్చుకున్న రైతు పొలాన్ని అమ్మే హక్కుకు తాత్కాలికంగా ముడి వేసినట్టే.

అమెరికాలో కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అని పిలిచే ఏర్పాటు ఈ ఆలోచన మీదే నిలబడింది. రైతు తన మూటలోంచి ప్లాట్లు వేసే హక్కునో, అడవి నరికే హక్కునో తీసి ఒక భూ ట్రస్టుకో, ప్రభుత్వ సంస్థకో రాసిస్తాడు. ట్రస్టు ఆ హక్కును వాడుకోదు. వాడకుండా కాపలా కాయడమే దాని పని. ఒప్పందం రాసేటప్పుడే భూమి ఎలా ఉందో ఫొటోలు, మ్యాపులతో నమోదు చేస్తారు. ఆ తర్వాత ఏటా వెళ్లి చూస్తారు. రైతు భూమిని అమ్మవచ్చు, పిల్లలకు రాయవచ్చు. కొన్నవాళ్లకూ, వారసులకూ అదే షరతు వర్తిస్తుంది. 1981లో అక్కడ ఒక నమూనా చట్టం తయారైంది. పక్కన భూమి లేని ట్రస్టు కూడా ఇలాంటి హక్కు పెట్టుకోవచ్చని దాంతో స్పష్టత వచ్చింది. ఈ చిన్న విషయం గుర్తుంచుకోండి, మన దగ్గర కథ అడ్డం తిరిగేది సరిగ్గా ఇక్కడే.

రైతుకు వచ్చేదేమిటి? లెక్క కోసం భోగాపురం దగ్గర ఒక ఎకరం ఉందనుకుందాం. విమానాశ్రయం పనులు మొదలయ్యాక ఆ చుట్టుపక్కల పొలాలను జనం సెంట్ల లెక్కన చూడడం మొదలుపెట్టారు. లేఅవుట్‌కు పనికొచ్చే భూమిగా ఆ ఎకరం 80 లక్షలు పలుకుతుందనీ, ఎప్పటికీ సాగుకే వాడాలన్న షరతుతో అమ్మితే 30 లక్షలే వస్తాయనీ అనుకుందాం. తేడా 50 లక్షలు. రైతు వదులుకున్న హక్కు విలువ అదే. అమెరికాలో ఆ తేడాను దానంగా లెక్కించి ఆదాయపు పన్నులో మినహాయింపు ఇస్తారు. వ్యవసాయమే ప్రధాన ఆదాయమైన రైతు అయితే అర్హతను బట్టి ఆ ఏడాది ఆదాయం మొత్తం మీదా మినహాయింపు తీసుకోవచ్చు. మిగిలిపోతే మరో 15 ఏళ్లు వాడుకోవచ్చు. కొన్ని చోట్ల ప్రభుత్వమే డబ్బిచ్చి ఆ హక్కును కొంటుంది.

ఈ పద్ధతి అక్కడ కూడా మచ్చ లేనిదేం కాదు. కొంతమంది పెట్టుబడిదారులు గుంపుగా చేరి భూమి కొని, దాని విలువను విపరీతంగా పెంచి చూపించి, పన్ను మినహాయింపులు కొట్టేశారు. దాన్ని అడ్డుకోవడానికి 2022 చివర్లో అమెరికా పార్లమెంటు పరిమితి పెట్టాల్సి వచ్చింది. పెట్టుబడికి రెండున్నర రెట్లు దాటి మినహాయింపు అడిగితే కుదరదని తేల్చింది. భూమి విలువ కట్టడం ఎవరి చేతిలో ఉందన్నది ఏ దేశంలోనైనా మొదట అడగాల్సిన ప్రశ్న. మన దగ్గర రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ ఒకటి, బయట పలికే ధర ఒకటి. ప్రభుత్వ విలువ ప్రకారం తేడా లెక్కిస్తే రైతు నిలువునా మునుగుతాడు.

పన్ను తాళం మన తలుపుకు పట్టదు

ఈ పద్ధతిని అలాగే తెచ్చి మన దగ్గర పెట్టాలనే వాళ్లు ఒక విషయం మర్చిపోతారు. మన దేశంలో వ్యవసాయ ఆదాయం మీద కేంద్రం పన్ను వేయదు. పల్లెల్లోని సాగుభూమి అమ్మితే మూలధన లాభాల పన్ను కూడా పడదు. వారసత్వ పన్ను 1985లోనే పోయింది. పన్నే కట్టని రైతుకు పన్ను మినహాయింపు ఇస్తామంటే ఆయనకు ఒరిగేదేమీ లేదు. అమెరికాలో ఈ బండిని లాగే ఎద్దు పన్ను మినహాయింపు. మన దగ్గర ఆ ఎద్దే లేదు.

కాబట్టి ఇక్కడ పనిచేసేది ఏటా చేతికొచ్చే డబ్బే. దీనికి మంచి ఉదాహరణ కోస్టారికా. 1996లో అటవీ చట్టం మార్చి, పెట్రోలు, డీజిలు మీద వేసే పన్నులో కొంత వాటాను పక్కన పెట్టారు. తమ భూమిలో అడవిని నిలబెట్టుకునే యజమానులకు కాలపరిమితి ఉన్న ఒప్పందాల మీద ఆ డబ్బు ఇస్తున్నారు. న్యూజిలాండ్‌ది ఇంకో తరహా. 1977లో చట్టం ద్వారా ఏర్పడిన క్వీన్ ఎలిజబెత్ ట్రస్టు రైతులతో ఒప్పందాలు రాసుకుంటుంది. వాళ్లకు పెద్ద మొత్తాలేమీ ఇవ్వదు. కంచె ఖర్చులో వాటా భరిస్తుంది, కలుపు తీయడానికి, ఎలుకల్ని అరికట్టడానికి సలహా ఇస్తుంది. అయినా వేల మంది రైతులు చేరారు. షరతు భూమి దస్తావేజులోనే నమోదవుతుంది, ఎంతమంది చేతులు మారినా ఉంటుంది. ఆ ట్రస్టు పుట్టుక వెనక ఉన్నది రైతులే కావడం వల్ల అక్కడి రైతులకు అది తమ సంస్థ అనిపించింది. డబ్బు కంటే ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

1882 నాటి రెండు గోడలు

ఇప్పుడు మన చట్టానికి వద్దాం. తేలినీలాపురం పక్క ఊళ్లో అప్పలనాయుడు అనే రైతు ఉన్నాడనుకుందాం. తన రెండెకరాల్లో ఉన్న గుంట పూడ్చననీ, గట్టు మీది చింతచెట్లు కొట్టననీ ఒక స్వచ్ఛంద సంస్థకు స్టాంపు కాగితం మీద రాసిచ్చాడు. ఏటా కొంత డబ్బు తీసుకుంటున్నాడు. కొన్నేళ్లకు ఆయన పోయాడు. భూమి పిల్లలకు వచ్చింది. వాళ్లలో ఒకరు తన వాటాను రొయ్యల చెరువు వేసే ఆసామికి అమ్మేశారు. ఆ ఆసామి గుంట పూడ్చి, చెట్లు కొట్టించాడు. సంస్థ కోర్టుకు వెళ్తే?

చాలా మటుకు ఓడిపోతుంది. ఎందుకంటే ఆ కాగితం అప్పలనాయుడికీ సంస్థకూ మధ్య మాట మాత్రమే. భూమితో పాటు కొత్త యజమానికి అంటుకునే హక్కు కావాలంటే అది ఈజ్‌మెంట్ కావాలి. మన ఈజ్‌మెంట్ల చట్టం 1882 నాటిది. దాని ప్రకారం ఒక భూమి బాగు కోసమే ఇంకో భూమి మీద ఈజ్‌మెంట్ పుడుతుంది. నా పొలానికి నీ గట్టు మీదుగా దారి, నా చేనుకు నీ కాలువ నీళ్లు, ఇలాంటివన్న మాట. అంటే హక్కు పొందేవాడికి పక్కన భూమి ఉండి తీరాలి. గూడబాతుకు పట్టా ఉండదు. విశాఖలో ఆఫీసున్న సంస్థకు ఆ ఊళ్లో సెంటు భూమి ఉండదు. కాబట్టి ఈజ్‌మెంట్ పుట్టదు.

అదే ఏడాది వచ్చిన ఆస్తి బదిలీ చట్టంలో 40వ సెక్షన్ కొంచెం ఆశ చూపిస్తుంది. ఫలానా పని చేయకూడదన్న షరతు గురించి తెలిసి కూడా భూమి కొన్నవాడు దానికి కట్టుబడాలని అది చెబుతుంది. అయితే అక్కడా అదే మెలిక: ఆ షరతు ఇంకొకరి సొంత భూమికి మేలు చేసేదై ఉండాలి. సంస్థ ఆ పక్కనే ఐదు సెంట్లు కొనుక్కుని, ఆ ముక్కకు మేలు కోసమే షరతు అని రాసుకునే ఉపాయం లేకపోలేదు. కోర్టులో అది ఎంత గట్టిగా నిలబడుతుందన్న దాని మీద ఒక ఊరి పక్షుల బతుకును పందెం వేయడం మాత్రం నాకు ధైర్యంగా అనిపించదు.

మిగిలింది లీజు. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేస్తే అది కొత్త యజమానినీ కట్టేస్తుంది. సంస్థే భూమిని పదేళ్లకు లీజు తీసుకుని రైతుకే తిరిగి సాగుకిచ్చే పద్ధతి చట్టప్రకారం గట్టిది. కానీ ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డి-పట్టా భూములకు 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అడ్డొస్తుంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుల పేరు మీదకు లీజు కూడా చెల్లదు. అది చెల్లకపోవడమే న్యాయం. ప్రకృతి పేరు చెప్పి గిరిజన భూమిలోకి బయటివాళ్లు దూరే సందు తెరవకూడదు.

చట్టం తెరిచిన ఒక్క తలుపు

వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణతో కమ్యూనిటీ రిజర్వు అనే ఏర్పాటు వచ్చింది. ఊరివాళ్లు గానీ, ఒక వ్యక్తి గానీ తమ భూమిలో వన్యప్రాణుల్ని కాపాడతామని తమంతట తాము ముందుకొస్తే, ప్రభుత్వం ఆ భూమిని రిజర్వుగా ప్రకటించవచ్చు. భూమి యజమానిదే. నిర్వహణ కమిటీలో ఎక్కువమంది పంచాయతీ ఎంపిక చేసినవాళ్లే. 2022 సవరణ తర్వాత, రిజర్వు ప్రైవేటు భూమిలో ఉంటే యజమానికి కూడా కమిటీలో చోటు దక్కింది.

కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరు ఇలాగే 2007లో కమ్యూనిటీ రిజర్వు అయింది. మనకు ఆ ఊరు ముఖ్యం. అక్కడికొచ్చేవి కూడా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలే. అవి గూడు కట్టేది కూడా ఊళ్లో చింతచెట్ల మీదే. పక్షులు ఉన్నన్నాళ్లూ చింతకాయ దులపడం కుదరదు కాబట్టి, ఆ నష్టానికి అటవీశాఖ చెట్టు యజమానులకు పరిహారం ఇస్తూ వచ్చింది. చెట్టును లెక్కలోకి తీసుకున్న ఆ చిన్న ఆలోచన ఎంతో తెలివైనది. మొత్తం భూమి గురించి మాట్లాడితే రైతు భయపడతాడు. ఒక చెట్టు, ఒక కాపు, ఒక ఏడాది గురించి మాట్లాడితే కూర్చుని బేరం ఆడతాడు.

మరి మన దగ్గర ప్రైవేటు భూముల యజమానులు కమ్యూనిటీ రిజర్వు కోసం ఎందుకు క్యూ కట్టరు? దేశంలోని కమ్యూనిటీ రిజర్వుల్లో ఎక్కువ భాగం భూమి వంశాల, తెగల ఉమ్మడి ఆస్తిగా ఉండే ఈశాన్య రాష్ట్రాల్లోనే ఉన్నాయి, ముఖ్యంగా నాగాలాండ్, మేఘాలయల్లో. ఒక్కో ఆసామికి ఎకరం, రెండెకరాలు ఉండే శ్రీకాకుళంలో లెక్క వేరు. చట్టంలో మూడు చిక్కులున్నాయి. ఒకసారి నోటిఫికేషన్ వచ్చాక భూమి వాడకం మార్చాలంటే కమిటీ తీర్మానం చేయాలి, దాన్ని రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించాలి. యజమాని ఒక్కడు అనుకుంటే సరిపోదు. రెండోది, అభయారణ్యాల్లో వన్యప్రాణులకు హాని చేసే రసాయనాలు వాడకూడదన్న 32వ సెక్షన్ ఇక్కడా వర్తిస్తుంది. వరి చేను రిజర్వులో ఉంటే దోమపోటుకు మందు కొట్టడం తప్పవుతుందా? చట్టం సూటిగా జవాబు చెప్పదు, ఆ అనుమానం చాలు రైతును తరిమేయడానికి. మూడోది అన్నిటికంటే పెద్దది. లోపలికి రావడం స్వచ్ఛందమే గానీ, బయటికి వెళ్లే దారి చట్టంలో స్పష్టంగా రాయలేదు. డబ్బు ఇస్తామన్న హామీ కూడా ఆ సెక్షన్లలో లేదు. జీవవైవిధ్య చట్టం 37వ సెక్షన్ కింద ప్రకటించే వారసత్వ స్థలాలు ఈ విషయంలో కొంత నయం. వాటివల్ల ఆర్థికంగా నష్టపోయేవాళ్లకు పరిహార పథకం తయారు చేయాలని ఆ చట్టమే చెబుతోంది.

అంటే మన ముందు రెండు చివరలు ఉన్నాయి. ఒక చివర రైతు పోగానే చెల్లకుండా పోయే కాగితం. రెండో చివర ఒకసారి పడితే మళ్లీ తీయడం తెలియని ముద్ర. మధ్యలో పదేళ్లు, పదిహేనేళ్లు నిలబడే, భూమితో పాటు నడిచే, గడువయ్యాక రైతు ఇష్టం మీద ఆగిపోయే ఒప్పందానికి, లీజు అనే చుట్టుదారి తప్ప, మన చట్టంలో చోటు లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్న అసలు మాట ఇదే.

22ఏ భయం

చట్టం సరిచేసినా రైతు సంతకం పెడతాడా అన్నది వేరే ప్రశ్న. రిజిస్ట్రేషన్లు జరగని భూముల జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ నిషేధిత జాబితా గురించి మన జిల్లాల్లో తెలియని రైతు లేడు. సొంత జిరాయితీ (పట్టా) భూమి ఏదో పొరపాటుతో ఆ జాబితాలోకి వెళ్తే, కూతురి పెళ్లికి అమ్ముకోవడానికీ లేక, బ్యాంకు అప్పూ రాక, ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఆ టెన్షన్ అనుభవించిన ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటి రైతు దగ్గరికి అటవీశాఖ పేరుతో కాగితం పట్టుకెళ్తే ఆయన మొదట అడిగేది పక్షి గురించి కాదు, ‘నా భూమి 22ఏలో పడదు కదా?’ అని.

ఇంకో రుజువు చూడండి. కౌలురైతుకు పంట రుణం, బీమా అందడానికి 2019లో రాష్ట్రం పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. యజమాని 11 నెలల కాగితం మీద సంతకం పెట్టాలి. భూమి హక్కుకు దీనివల్ల ఏ ఇబ్బందీ లేదని చట్టమే చెప్పింది. అయినా సంతకం పెట్టడానికి వెనకాడే యజమానులు ప్రతి ఊళ్లో ఉన్నారు. పదకొండు నెలల కాగితానికే ఇంత భయం ఉన్నచోట శాశ్వత ఒప్పందం అంటే ఎవరు వింటారు? రైతు మూర్ఖుడని దీనర్థం కాదు. కాగితాల వల్ల భూములు పోవడం ఆయన కళ్లారా చూశాడు.

కౌలు మాట వచ్చింది కాబట్టి ఒక అన్యాయం గురించి కూడా చెప్పాలి. పొలం ఒకరిది, సాగు ఇంకొకరిది అయినప్పుడు ఒప్పందం డబ్బు యజమానికి పోతుంది, ఒప్పందం వల్ల వచ్చే నష్టం కౌలురైతుకు మిగులుతుంది. చేలో నత్తల కోసం కొంగలు దిగి నారు తొక్కితే నష్టపోయేది హైదరాబాదులో ఉద్యోగం చేసే పట్టాదారు కాదు. కౌలురైతు సంతకం లేని, కౌలురైతుకు వాటా లేని ఒప్పందాన్ని అసలు ఒప్పుకోకూడదు.

చెట్టు కాపాడితే సరిపోదు

2021 చివర్లో, 2022 మొదట్లో తేలినీలాపురం ప్రాంతంలో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. పరీక్షల్లో బయటపడింది నులిపురుగుల బెడద. గూడబాతు తినేది చేప కాబట్టి చూపు చేపల చెరువుల మీదకు మళ్లింది. గూడున్న చెట్టు పచ్చగానే ఉంది, ఊరివాళ్ల ప్రేమలో లోటు లేదు, అయినా పక్షి చచ్చిపోయింది.

ఎందుకంటే పక్షికి రెండు ఇళ్లు కావాలి. గూటికి తేలినీలాపురం చెట్టు, కూటికి నౌపడ వైపు తంపర (చిత్తడి) భూములు, ఉప్పు మడులు, చెరువులు, వరి చేలు. మొదటి ఇంటి యజమానులు పక్షిని దేవతలా చూస్తారు. రెండో ఇంటి యజమానులు పదులు, వందల మంది. వాళ్లలో చాలామందికి ఆ పక్షితో అనుబంధం ఏమీ లేదు, చేపలు తినిపోయే శత్రువు కూడా. స్వచ్ఛంద ఒప్పందం నిజంగా అవసరమైనది ఈ రెండో చోటే. వరి చేనును రొయ్యల చెరువుగా మార్చకుండా ఉంచితే కౌలులో వచ్చే తేడా ఎంతో ఆ తేడా ఇవ్వాలి. చేపల చెరువుల్లో నీళ్లు, చేపల ఆరోగ్యం చూసే పశువైద్యుడి సేవ ఉచితంగా అందించాలి. రెండోది డబ్బు రూపంలో కనిపించదు గానీ, చెరువు రైతుకు అది మేలే. రైతుకూ పక్షికీ ఒకే రోగం భయం ఉన్నచోట బేరం తేలిగ్గా కుదురుతుంది.

ఉద్దానంలో ఎలుగుబంట్ల సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో జీడి, పనస తోటలే వాటికి అడవి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడి చేసి ఒక రైతును చంపింది, మరికొందరిని గాయపరిచింది. తోటలో పొదలు కొట్టకండి, ఎలుగుకు దారి వదలండి అని అక్కడ ఒప్పందం అడగడానికి నాకు నోరు రాదు. 2018 తిత్లీ తుఫానులో కొబ్బరి, జీడి పోగొట్టుకుని మళ్లీ మొక్కలు నాటుకున్న మనుషులు వాళ్లు. ముందు దాడికి పరిహారం వారం రోజుల్లో ఇంటికి చేరాలి, వైద్యం ఖర్చు ప్రభుత్వమే భరించాలి. అది జరిగాకే పొదల గురించి మాట్లాడే అర్హత ఎవరికైనా వస్తుంది.

ఒప్పందాలు అసలు పనిచేయని చోటు కూడా ఒకటుంది, దాన్ని దాచకూడదు. సోంపేట బీలను, అంటే అక్కడి చిత్తడి నేలను, బంజరు అని రాసి థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించింది ప్రభుత్వమే. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో అక్కడ ప్రాణాలు పోయాయి. సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపరలో 2011 ఫిబ్రవరి 28న మళ్లీ అదే జరిగింది. ఈ రెండు చోట్లా చిత్తడి నేలకు ముప్పు తెచ్చింది రైతు కాదు. రైతులు, మత్స్యకారులు దాన్ని కాపాడడానికి ఎదురు నిలిచారు. బీల ఎవరి జిరాయితీ కాదు, అందరి బతుకుతెరువు. అలాంటి ఉమ్మడి నేలకు కావాల్సింది చిత్తడి నేలల నిబంధనల కింద రక్షణ, గ్రామసభ మాటకు విలువ. పైగా ప్రైవేటు భూమిలో ఎంత గట్టి ఒప్పందం ఉన్నా, 2013 భూసేకరణ చట్టం కింద ప్రభుత్వం ఆ భూమిని తీసుకోవచ్చు. ఒప్పందం యజమాని చేతులు కడుతుంది గానీ సర్కారు చేతులు కట్టదు. ప్రభుత్వం తన వంతుగా ఫలానా నేలను ముట్టుకోనని రాసివ్వకుండా రైతును మాత్రం రాసిమ్మని అడగడం న్యాయం కాదు.

డబ్బు ఎవరిస్తారు, కాపలా ఎవరు కాస్తారు

పదేళ్ల ఒప్పందానికి పదేళ్ల డబ్బు ముందే కనిపించాలి. మొదటి మూడేళ్లు ఇచ్చి నాలుగో ఏడు చేతులెత్తేస్తే ఆ ఊళ్లో ఇంకెవరూ మన మాట నమ్మరు. పైడిభీమవరం ఫార్మా కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులు ఉన్నాయి కదా అంటారు. కంపెనీల చట్టం ప్రకారం పర్యావరణానికి, వన్యప్రాణులకు ఆ డబ్బు ఖర్చు చేయవచ్చు. కానీ కొనసాగే ప్రాజెక్టుకు మొదలైన ఏడాది కాక మూడేళ్లే గడువు. వడ్డీ మీద నడిచే మూలనిధికి ఇచ్చే విరాళాన్ని 2021 నుంచి సీఎస్ఆర్‌గా లెక్కించడం లేదు. పదేళ్ల బాధ్యతకు ఆ డబ్బు సరిపడదని దీన్నిబట్టే తెలుస్తుంది. కోస్టారికాలా ఒక స్థిరమైన పన్నులో వాటా అయితేనే నిలుస్తుంది. గ్రానైటు మీద వచ్చే రాబడిలో చిన్న వాటా పక్కన పెట్టడం అసాధ్యమేమీ కాదు. టెక్కలి కొండల్ని కోసి అమ్మిన డబ్బులో కొంత టెక్కలి పక్షులకు, వాటికి చోటిచ్చే రైతులకు ఇవ్వడం సమంజసం.

కాపలాకు జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో ఉండాల్సిన జీవవైవిధ్య యాజమాన్య కమిటీ సరిపోతుంది. చాలా చోట్ల అది కాగితం మీదే ఉంది. అయినా ఊరి కమిటీ అయితే రైతు ఎదురుగా కూర్చుని మాట్లాడగలడు. ‘ఈ ఏడు వానలు లేవు బాబూ, గుంటలో నీళ్లెక్కడివి’ అని చెప్పుకోగలడు. అటవీశాఖ సాంకేతిక సలహాకు ఉంటే చాలు.

ఇక మీ ఊరికి ఎవరైనా ఇలాంటి కాగితం తెస్తే సంతకానికి ముందు చూడాల్సినవి చెబుతాను. ఒప్పందం సర్వే నంబరు మొత్తానికా, అందులో ఒక గుంటకూ నాలుగు చెట్లకూ మాత్రమేనా అన్నది హద్దులతో సహా రాసి ఉండాలి. చేయకూడని పనులతో పాటు చేసుకోగల పనులు కూడా పేరుపేరునా రాయించుకోండి: దున్నడం, మందు కొట్టడం, బోరు వేయడం, పశువుల పాక కట్టడం. రాయని పని గురించి తగాదా వస్తే ఎప్పుడూ నష్టపోయేది రైతే. ఉమ్మడి ఆస్తి అయితే అక్కచెల్లెళ్లతో సహా వాటాదారులందరి సంతకాలు కావాలి, లేకపోతే ఆ కాగితం ఇంట్లో గొడవకు మూలమవుతుంది. పాస్‌బుక్ బ్యాంకులో ఉంటే బ్యాంకుకు ముందు చెప్పాలి. రిజిస్టర్ చేస్తే ఈసీలో (భూమి మీది లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో) కనిపిస్తుంది కాబట్టి, గడువు ముగిశాక దాన్ని తొలగించే బాధ్యత, ఖర్చు ఎదుటి పక్షానిదని రాయించాలి. భూమి నిషేధిత జాబితాలో చేరదని జిల్లా రిజిస్ట్రార్ నుంచి రాతపూర్వక హామీ అడగండి, నోటిమాట వద్దు. ఏ ఏడాదైనా చెప్పిన తేదీ దాటి మూడు నెలల్లో డబ్బు రాకపోతే ఒప్పందం దానంతట అదే రద్దవుతుందన్న షరతు లేనిదే వేలిముద్ర వేయకండి.